గింజ తగ్గితే గుణం ఎందుకు మారుతుంది? బేరియం టైటనేట్ మీద మీ ప్రశ్నలు

ఈసారి బెంగళూరు పాఠకులు రాసిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే పొడి చుట్టూ తిరిగాయి: బేరియం టైటనేట్. కాలేజీ ల్యాబులో దాన్ని తయారుచేస్తున్నవాళ్లు, ఎస్.పి. రోడ్డులో దానితో చేసిన కెపాసిటర్లను రోజూ సోల్డర్ చేస్తున్నవాళ్లు, పాఠంలో చదివి ఒక అంకె దగ్గర ఆగిపోయినవాళ్లు, అందరూ అడిగారు. గింజ ఎన్ని నానోమీటర్లు అన్నది అందరి నోటా ఉంది. ఆ గింజ పైపొర మీద ఏం పట్టుకుని ఉంది అన్న ప్రశ్న మాత్రం పెద్దగా కనబడలేదు. మా దృష్టిలో ముందు అడగాల్సింది అదే.

ప్రశ్న: ఫెర్రోఎలక్ట్రిక్ అంటే ఇనుముతో ఏమైనా సంబంధం ఉందా? బేరియం టైటనేట్ 120 డిగ్రీల దగ్గర ఒక దశ నుంచి ఇంకో దశకు మారుతుందని, గింజలు చాలా చిన్నవైతే ఆ అంకె తగ్గుతుందని మా సార్ చెప్పారు. పదార్థం అదే కదా, అంకె ఎందుకు మారాలి?
(ద్వితీయ పీయూసీ విద్యార్థిని, మారతహళ్లి)

జవాబు: ఇనుముతో సంబంధం లేదమ్మా. ఇనుము అయస్కాంతత్వం విషయంలో ఎలా ప్రవర్తిస్తుందో ఈ పదార్థాలు విద్యుత్తు విషయంలో అలా ప్రవర్తిస్తాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. బయటి నుంచి ఇచ్చిన విద్యుత్ క్షేత్రాన్ని తీసేసినా లోపల ధ్రువణం (ధన, రుణ ఆవేశాలు చెరో వైపు ఒరిగి ఉండడం) మిగిలి ఉంటుంది. క్షేత్రాన్ని తిరగేస్తే అదీ తిరగబడుతుంది. ఈ గుణాన్ని 1920లో అమెరికాలో జోసెఫ్ వాలసెక్ రోషెల్ లవణంలో గుర్తించారు. బేరియం టైటనేట్ సంగతి రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బయటపడింది.

ఇక అంకె సంగతి. మీ ఇంట్లో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, చెన్నైలో ఉన్న మీ బంధువుల ఇంట్లో 100 దగ్గర. నీళ్లు అవే. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి పైనుంచి నొక్కే గాలి తక్కువ. దశ మారే ఉష్ణోగ్రత పదార్థం ఒక్కటే తేల్చే విషయం కాదు, దాన్ని చుట్టుముట్టి ఉన్నది కూడా అందులో చెయ్యి పెడుతుంది. గింజ చిన్నదయ్యేకొద్దీ ఆ చుట్టుపక్కల వాటా పెరుగుతుంది.

బేరియం టైటనేట్ లోపల ఒక్కో టైటానియం అయాను చుట్టూ ఆరు ఆక్సిజన్లు ఉంటాయి. 120 డిగ్రీల పైన టైటానియం సగటున సరిగ్గా నడిమధ్యలో ఉంటుంది, యూనిట్ సెల్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న పెట్టె) భుజాలన్నీ సమానమైన ఘనం, దీన్నే క్యూబిక్ అంటారు. ఆ కిందికి దిగగానే టైటానియం ఒక ఆక్సిజన్ వైపు ఒరుగుతుంది, పెట్టె ఆ దిక్కుకు సాగుతుంది: రెండు భుజాలు 3.99 యాంగ్‌స్ట్రామ్‌లు (యాంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు), మూడోది 4.04. ఇది టెట్రాగనల్. తేడా ఒక్క శాతమే. మొత్తం కథ ఆ ఒక్క శాతంలో ఉంది. (ఇంకా చల్లబరిస్తే 5 డిగ్రీల దగ్గర ఒకసారి, మైనస్ 90 దగ్గర ఇంకోసారి ఆ ఒరుగు దిక్కు మారుతుంది. మీ పరీక్షకు 120 చాలు.)

ఈ ఒరగడం ఎవరికి వారు చేసే పని కాదు. పక్కవాడు ఒరిగాడు కాబట్టి నేనూ ఒరుగుతాను అన్నట్టు, కోట్ల అయాన్లు ఒకదాన్నొకటి చూసుకుని ఒరుగుతాయి. గింజ అంచున ఉన్నదానికి ఒకవైపే తోడు ఉంటుంది. కాబట్టి పైన కొన్ని పొరల్లో ఒరుగు తగ్గుతుంది, లేదా అసలుండదు.

మార్కెట్లో పెద్ద ఉల్లిపాయ, సాంబారు ఉల్లిపాయ రెండూ తెచ్చి ఒలిచి చూడండి. పైన తీసేసే పొర మందం రెండింటికీ ఒకటే. పెద్దదానిలో అది పోయినా లెక్కలోకి రాదు, చిన్నదానిలో సగం ఉల్లిపాయ చెత్తబుట్టలోకి పోతుంది. గింజ పైన 3 నానోమీటర్ల మందాన ఒరుగు లేని పొర ఉందనుకుందాం. 100 నానోమీటర్ల గింజలో ఆ పొర ఘనపరిమాణం 17 శాతం. 50 నానోమీటర్ల గింజలో 32 శాతం. 20 నానోమీటర్లకు దిగితే 66 శాతం, అంటే గింజలో మూడింట రెండు వంతులు పైపొరే.

రెండో కారణం ఇంకా బలమైనది. టైటానియాలన్నీ ఒకవైపు ఒరిగితే గింజ ఒక ముఖం మీద ధన, ఎదుటి ముఖం మీద రుణ ఆవేశం తేలుతుంది. బేరియం టైటనేట్‌లో ఇది చదరపు సెంటీమీటరుకు 26 మైక్రోకూలుంబులు. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ లెక్క వేసి చూడండి: ఒక చదరపు నానోమీటరుకు 1.6 ఎలక్ట్రాన్ల ఆవేశం. 5 నానోమీటర్ల ఘనం తీసుకుంటే ఒక్క ముఖం మీద 40 ఎలక్ట్రాన్లంత. ఈ ఆవేశాన్ని ఎవరూ చల్లార్చకపోతే అది గింజ లోపల ఎదురు క్షేత్రాన్ని పుట్టించి, ఒరిగిన టైటానియాలన్నిటినీ వెనక్కి నెట్టేస్తుంది. చల్లార్చేది ఎవరు? పైన తాపడం చేసిన లోహం, గాలిలోంచి అంటుకున్న నీటి అణువులు, హైడ్రాక్సిల్ గుంపులు (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంట), ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఖాళీలు. ఇవి సరిపడా ఉంటే గింజ ఫెర్రోఎలక్ట్రిక్‌గా నిలుస్తుంది. లేకపోతే ధ్రువణం ముక్కలు ముక్కలై ఎదురెదురు దిక్కుల చారలుగా మారుతుంది, అదీ కుదరకపోతే క్యూబిక్ పెట్టెగానే మిగిలిపోతుంది.

ప్రశ్న: మేం చేసిన బేరియం టైటనేట్ నానో పొడికి ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాలతో స్ఫటికం కొలతలు పట్టే పరీక్ష) తీస్తే 45 డిగ్రీల దగ్గర రెండు పీక్‌లు రావాల్సిన చోట ఒకటే వచ్చింది. అది క్యూబిక్ అని, ఫెర్రోఎలక్ట్రిక్ కాదని గైడ్ గారు అంటున్నారు. ప్రాజెక్టు మొత్తం మళ్లీ చేయాలా?
(ఎంఎస్సీ విద్యార్థి, యలహంక)

జవాబు: ఇప్పుడే పొడి పారేయకండి. ఆ ఒక్క పీక్ వెనక రెండు ఉండవచ్చు.

పెద్ద గింజల్లో సాగిన భుజానికి చెందిన 002 పీక్ 44.9 డిగ్రీల దగ్గర, పొట్టి భుజాలకు చెందిన 200 పీక్ 45.4 దగ్గర వస్తాయి. ఎడం అర డిగ్రీ. ఇప్పుడు గింజ చిన్నదయ్యేకొద్దీ పీక్ ఎంత వెడల్పవుతుందో చెప్పే షెరర్ సూత్రంతో ఆ వెడల్పు కట్టి చూడండి (రాగి కిరణం, తరంగదైర్ఘ్యం 1.5406 యాంగ్‌స్ట్రామ్‌లు, స్థిరాంకం 0.9). గింజ 100 నానోమీటర్లైతే వెడల్పు 0.09 డిగ్రీలు, పీక్‌లు విడివిడిగా నిలబడతాయి. 50 అయితే 0.17. 30 అయితే 0.29. నానో గింజలో ఆ సాగుదల కూడా తగ్గుతుంది కదా. ఒక శాతం ఉండాల్సింది అర శాతం అయిందనుకుంటే పీక్‌ల మధ్య ఎడం 0.25 డిగ్రీల లోపుకు వస్తుంది. 0.29 వెడల్పున్న రెండు పీక్‌లు 0.25 ఎడంతో నిలబడితే ఏ కంటికీ రెండుగా కనబడవు. కాబట్టి ఎక్స్‌ఆర్‌డీ ఒక్కదాన్ని చూసి క్యూబిక్ అని తేల్చడం తొందరపాటే.

కొలతలో చేయాల్సినవి చెబుతాం. 20 నుంచి 80 డిగ్రీల వరకు గబగబా తీసిన స్కాన్ ఈ పనికి చాలదు. 44 నుంచి 47 వరకు మాత్రమే, 0.01 లేదా 0.02 డిగ్రీల అడుగుతో, అడుగుకు కనీసం 5 సెకన్లు ఆగుతూ తీయించండి. అదే రోజు, అదే స్లిట్లతో, ల్యాంథనమ్ హెక్సాబోరైడ్ గానీ సిలికాన్ ప్రమాణం గానీ పెట్టి యంత్రం వెడల్పు ఎంతో కొలవండి. మీ పీక్ వెడల్పులోంచి దాన్ని తీసేయకపోతే గింజ ఉన్నదానికంటే చిన్నదిగా లెక్కకు వస్తుంది.

ఇంకో చోట చాలామంది తలకిందులవుతారు. రాగి కిరణంలో ఆల్ఫా 1తో పాటు ఆల్ఫా 2 కూడా ఉంటుంది. 45 డిగ్రీల దగ్గర ఆల్ఫా 2 వల్ల 0.12 డిగ్రీల దూరంలో, సగం ఎత్తున, పక్క పీక్ లేస్తుంది. దాన్ని చూసి టెట్రాగనల్ చీలిక అని సంబరపడేవాళ్లున్నారు. తేడా పట్టడం సులువు: చిన్న పీక్ పెద్దదానికి కుడిపక్కన ఉంటే అది ఆల్ఫా 2. టెట్రాగనల్ చీలికలో చిన్నది (002) ఎడమపక్కన, దానికి రెట్టింపు ఎత్తున్నది (200) కుడిపక్కన ఉంటుంది.

తరువాత రామన్ (లేజర్ వెలుగు చెదిరే తీరును బట్టి లోపలి కంపనాలు చూసే కొలత) తీయించండి. 305 వేవ్‌నంబర్ దగ్గర సన్నటి పీక్, 720 దగ్గర వెడల్పైన గుట్ట ఉంటే లోపల టెట్రాగనల్ ఒరుగు ఉన్నట్టే. 260, 515 దగ్గర గుట్టలు మాత్రమే చూసి సంతోషించకండి, క్యూబిక్ దశలోనూ అవి మసకగా ఉంటాయి. లేజర్ శక్తి తగ్గించి పెట్టమని ఆపరేటర్‌కు చెప్పండి. నానో పొడి వేడిని త్వరగా వదలదు, లేజర్ కిందే 120 దాటిపోతే మీరు కొలిచేది వేరే దశను. 1060 దగ్గర సన్నటి గీత వస్తే అది బేరియం కార్బొనేట్. ఎక్స్‌ఆర్‌డీలో అదే 23.9 డిగ్రీల దగ్గర కనిపిస్తుంది. పైపొర శుభ్రంగా లేదని ఆ గీత ముందే చెప్పేస్తుంది.

అన్నిటికంటే నమ్మదగ్గది 305 పీక్‌ను గది ఉష్ణోగ్రత నుంచి 200 డిగ్రీల వరకు, పది పది డిగ్రీలకు ఒకసారి చూడడం. పెద్ద గింజల్లో అది 120 దాటగానే చటుక్కున పడిపోతుంది. నానో గింజల్లో నెమ్మదిగా, ముప్ఫై నలభై డిగ్రీల పరిధిలో కరిగిపోతున్నట్టు తగ్గుతుంది. అది కొలత లోపం అనుకోవద్దు. ఒక్కో గింజ పైపొర ఒక్కో రకంగా ఉంది, ఒకే గింజలో నడిమి భాగం ఒక దగ్గర, అంచు ఇంకో దగ్గర మారుతోంది. గైడ్ గారికి ఈ గ్రాఫ్ చూపించండి.

ప్రశ్న: 50 నానోమీటర్ల పొడిని బిళ్లగా నొక్కి డైఎలక్ట్రిక్ గుణం (ఆవేశాన్ని ఎంత పట్టి ఉంచుతుందన్నది) కొలిస్తే 85 డిగ్రీల దగ్గర మంచి పీక్ వచ్చింది. డీఎస్‌సీలో (పొడి వేడెక్కుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో చూసే కొలతలో) కూడా 90 దగ్గర పెద్ద గుంట ఉంది. క్యూరీ ఉష్ణోగ్రత (ఫెర్రోఎలక్ట్రిక్ గుణం పోయే ఉష్ణోగ్రత) 120 నుంచి 85కి తగ్గిందని రాసుకోవచ్చా?
(పరిశోధక విద్యార్థిని, జాలహళ్లి)

జవాబు: ఇప్పుడే రాయవద్దు. మీరు కొలిచింది నీళ్లను కావచ్చు.

50 నానోమీటర్ల గింజలు గ్రాముకు 20 చదరపు మీటర్ల ఉపరితలం. దాని మీద ఒక్క అణువు మందాన నీటి పొర పడితేనే బరువులో 0.6 శాతం అవుతుంది. వానాకాలంలో తెరిచిపెట్టిన సీసాలో రెండు మూడు పొరలు పట్టడం మామూలే. ఒక శాతం నీరు ఆవిరైపోవడానికి గ్రాము పొడికి సుమారు 22 జౌళ్లు పడుతుంది. బేరియం టైటనేట్ పెద్ద గింజల్లో దశ మార్పుకు పట్టే వేడి గ్రాముకు ఒక జౌలు కూడా లేదు, నానో గింజల్లో అది ఇంకా తగ్గి, వెడల్పుగా పరుచుకుంటుంది. మీ డీఎస్‌సీ గ్రాఫ్‌లో కనిపించిన పెద్ద గుంట, మీరు వెతుకుతున్న దానికంటే పాతిక రెట్లు పెద్దది. ఆ హోరులో ఈ గుసగుస వినబడదు.

కాబట్టి 10 నుంచి 15 మిల్లీగ్రాముల పొడిని, మూతకు చిన్న రంధ్రం పెట్టిన పాన్‌లో తీసుకుని, పొడి నైట్రోజన్ కింద 200 డిగ్రీలకు తీసుకెళ్లి పది నిమిషాలు ఆపండి. గదిలోకి తీయకుండా యంత్రంలోనే 30కి చల్లబరచి, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున మళ్లీ వేడి చేయండి. రాసుకోవాల్సింది ఈ రెండో వేడి గ్రాఫ్. మూత పూర్తిగా బిగించిన పాన్ వాడితే ఆవిరి లోపలే ఉండి చల్లబడగానే మళ్లీ గింజల మీదే కూర్చుంటుంది.

బిళ్ల విషయంలో మోసం ఇంకా చక్కగా జరుగుతుంది. నొక్కిన బిళ్లలో ముప్ఫై నలభై శాతం ఖాళీయే, ఆ ఖాళీల గోడలన్నిటికీ తేమ. వేడి పెరిగేకొద్దీ ఆ తేమలో అయాన్లు చురుగ్గా కదిలి కెపాసిటెన్స్ పెరుగుతుంది. ఇంకా వేడెక్కితే తేమే పోతుంది, కెపాసిటెన్స్ పడిపోతుంది. పెరిగి పడిపోతే పీక్ కాక ఏమొస్తుంది! నిజమైనదో కాదో తేల్చడానికి 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 100 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు గ్రాఫులూ ఒకే పేపరు మీద గీయండి. తేమ పీక్ తక్కువ ఫ్రీక్వెన్సీలో కొండంత ఉండి 100 కిలోహెర్ట్జ్‌లో దాదాపు మాయమవుతుంది. అసలు దశ మార్పు రెండింటిలోనూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంటుంది. తరువాత వేడి చేస్తూ ఒకసారి, చల్లారుస్తూ ఒకసారి కొలవండి. అసలైనది చల్లారేటప్పుడు కొన్ని డిగ్రీలు కిందికి జరిగి మళ్లీ కనిపిస్తుంది, తేమది తిరిగి రాదు.

బిళ్లకు వెండి పేస్టు పూసేటప్పుడు జాగ్రత్త. పేస్టులోని ద్రావకం రంధ్రాల్లోకి ఇంకి మళ్లీ అదే గొడవ చేస్తుంది. పూశాక 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, వేడి తగ్గకముందే డెసికేటర్‌లోకి (తేమ చేరని మూత పాత్రలోకి) మార్చండి.

ప్రశ్న: ఫెర్రోఎలక్ట్రిక్ గుణం పోయే కనీస పరిమాణం ఎంత? ఒక పేపర్లో 120 నానోమీటర్లని, ఇంకోదానిలో 20 అని, మరోదానిలో ఇంకా తక్కువ అని ఉంది. ఎవరిని నమ్మాలి?
(పీహెచ్‌డీ విద్యార్థి, బెంగళూరు)

జవాబు: అందరూ నిజమే చెప్పి ఉండవచ్చు. వాళ్ల పొడులే వేరు. కనీస పరిమాణం అన్నది బేరియం టైటనేట్‌కు పుట్టుకతో వచ్చిన అంకె కాదు, ఆ పొడి పైపొరకు చెందిన అంకె. ద్రవంలో ఉడికించి చేసిన పొడి లోపల హైడ్రాక్సిల్ ఇరుక్కుని ఉంటుంది, ఆక్సలేట్ దారిలో చేసినదానికి కార్బొనేట్ అంటుకుంటుంది, మరలో రుబ్బిన పొడి పైపొర నలిగి క్రమం చెడుతుంది. 1955లోనే వెర్నర్ కెంజిగ్ సన్నటి బేరియం టైటనేట్ గింజల మీద సుమారు 10 నానోమీటర్ల మందాన వేరే స్వభావమున్న పొర ఉందని చూపించారు. ఆ పొర ఎంత మందమో పొడిని బట్టి మారుతుంది.

శుభ్రమైన ఉదాహరణ ఇలాంటిదే ఇంకో ఫెర్రోఎలక్ట్రిక్, లెడ్ టైటనేట్‌ది. 1988లో ఇషికావా, ఆయన సహచరులు రామన్‌తో కొలిచి ఒక సూత్రం ఇచ్చారు (వ్యాసం నానోమీటర్లలో, దశ మారే ఉష్ణోగ్రత సెల్సియస్‌లో):

ఉష్ణోగ్రత = 500 − 588.5 ÷ (వ్యాసం − 12.6)

వేసి చూడండి. 50 నానోమీటర్లకు 484 డిగ్రీలు వస్తుంది. 25కి 453. 20కి 420. 15కి 255. యాభై నుంచి పాతిక వరకు దిగితే పోయేది ముప్ఫై డిగ్రీలే, ఇరవై నుంచి పదిహేనుకు దిగితే నూట అరవై అయిదు. మన గింజలన్నీ ఒకే సైజులో ఉండవు కాబట్టి, ఈ చివరి మలుపు దగ్గర ఉన్న పొడిలో సగటు సైజు చెప్పడం ఎంత పనికిమాలిన మాటో ఈ అంకెలు చెబుతాయి. సైజుల పంపిణీ మొత్తం ఇవ్వాలి.

కారణం ఉపరితల తన్యతే అని కొందరు ఒక్కమాటలో తేల్చేస్తారు. అదెంత వరకు నిజమో చూద్దాం. తన్యత మీటరుకు 1 న్యూటన్ అనుకుంటే, 20 నానోమీటర్ల వ్యాసమున్న గింజ లోపల ఒత్తిడి 200 మెగాపాస్కల్‌లు, రెండు వేల వాతావరణాలంత. వినడానికి భయంకరం. కానీ బేరియం టైటనేట్ క్యూరీ ఉష్ణోగ్రత ఒక జిగాపాస్కల్‌కు సుమారు 50 డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఈ ఒత్తిడి తగ్గించేది 10 డిగ్రీలు. మీ పొడిలో 60 డిగ్రీలు తగ్గితే మిగతా 50కి వేరే సమాధానం వెతకాలి: చల్లారని ఆవేశం, లోపల ఇరుక్కున్న హైడ్రాక్సిల్, బేరియం కరిగిపోయిన పైపొర.

సిద్ధాంతంలో ఈ గోలంతటినీ ఒక్క పొడవుగా కుదించారు. 1979లో క్రెచ్‌మర్, బైండర్ కలిసి, దశ మార్పును వర్ణించే లాండావ్ సమీకరణానికి ఉపరితల పదాన్ని చేర్చారు, అందులోంచి ఎక్స్‌ట్రాపొలేషన్ దూరం అనే ఆ పొడవు వస్తుంది. అది ధనమైతే ఉపరితలం దగ్గర ధ్రువణం తగ్గుతుంది, దశ మారే ఉష్ణోగ్రత దిగుతుంది. రుణమైతే ఉపరితలమే ముందు ఒరుగుతుంది, ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఉపరితలం ఎప్పుడూ చెరుపే చేస్తుందనుకునేవాళ్లు ఈ రెండో సగం మరిచిపోతారు. 2004లో వచ్చిన రెండు ఫలితాలు చూడండి. బేరియం టైటనేట్ పల్చటి పొరను డిస్ప్రోసియం, గడోలినియం స్కాండేట్ స్ఫటికాల మీద పెంచి, కింది స్ఫటికంతో అడ్డంగా నొక్కించినప్పుడు క్యూరీ ఉష్ణోగ్రత వందల డిగ్రీలు పైకి ఎక్కింది. అదే ఏడు అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో లెడ్ టైటనేట్ పొరను మూడు యూనిట్ సెల్‌ల మందానికి, అంటే 1.2 నానోమీటర్లకు తగ్గించినా చారల రూపంలో ధ్రువణం నిలిచింది. 2006లో బేరియం టైటనేట్ నానో తీగల మీద చేసిన పనిలో పైన అంటుకున్న హైడ్రాక్సిల్ గుంపులే ధ్రువణాన్ని కాపాడుతున్నాయని తేలింది. 2009లో అయితే లెడ్ టైటనేట్ పొర చుట్టూ ఉన్న ఆక్సిజన్ ఒత్తిడిని మార్చి, తీగలేమీ తగిలించకుండానే, ధ్రువణాన్ని తలకిందులు చేశారు. గాలి మారితే స్ఫటికం మాట వింది. మాకు ఇంతకంటే అందమైన ప్రయోగం ఈ రంగంలో కనబడలేదు.

గమనించారా, హైడ్రాక్సిల్ గింజ లోపల ఇరుక్కుంటే చెడగొట్టింది, పైన అంటుకుంటే కాపాడింది. అదెక్కడ ఉందో తెలియకుండా మంచిదనీ చెడ్డదనీ చెప్పలేం. పరారుణ వర్ణపటంలో 3510 దగ్గర సన్నటి పీక్ లోపలిది, 3000 నుంచి 3600 వరకు పరుచుకున్న గుట్ట పైది.

ప్రశ్న: హైడ్రోథర్మల్ పద్ధతిలో (మూసిన పాత్రలో, ఒత్తిడి కింద వేడి నీళ్లలో) శుభ్రమైన పొడి చేయడానికి కొలతలు చెప్పగలరా? ప్రతిసారీ కార్బొనేట్ వస్తోంది.
(కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్, రాజాజీనగర్)

జవాబు: కార్బొనేట్ గాలిలోంచి, నీళ్లలోంచి, పాత బేరియం హైడ్రాక్సైడ్ సీసాలోంచి, మూడు దారుల్లో వస్తుంది. మూడూ మూయాలి.

డిస్టిల్డ్ వాటర్‌ను ఇరవై నిమిషాలు బాగా మరగించి, మూత పెట్టి చల్లార్చండి. 100 మిల్లీలీటర్ల టెఫ్లాన్ గిన్నె ఉన్న ఆటోక్లేవ్‌కు ఈ నీళ్లు 70 మిల్లీలీటర్లు. 80 డిగ్రీల దగ్గర నైట్రోజన్ పోనిస్తూ అందులో బేరియం హైడ్రాక్సైడ్ ఆక్టాహైడ్రేట్ 9.46 గ్రాములు కరిగించండి. సీసాలో పైన తెల్లగా గట్టిపడిన పెచ్చు ఉంటే అది కార్బొనేటే, తీసేసి లోపలిది తీసుకోండి. అడుగున కరగనిది మిగిలితే వేడిగా ఉన్నప్పుడే వడపోయాలి. తరువాత సన్నటి టైటానియం డయాక్సైడ్ 1.60 గ్రాములు కలిపి అరగంట తిప్పండి. బేరియం, టైటానియం నిష్పత్తి 1.5 అవుతుంది. ఎక్కువైన బేరియం క్షారగుణాన్ని నిలబెట్టడానికి, కడిగినప్పుడు పోతుంది. 200 డిగ్రీల దగ్గర 24 గంటలు. నష్టం లేకపోతే 4.66 గ్రాముల పొడి రావాలి, గింజ సాధారణంగా 50 నుంచి 100 నానోమీటర్లు.

200 డిగ్రీల దగ్గర లోపల ఆవిరి ఒత్తిడి 15 వాతావరణాలు దాటుతుంది. గిన్నెను ముప్పావుకు మించి నింపవద్దు, 220 దాటించవద్దు, నీళ్లు పోసి చల్లార్చవద్దు. రాత్రంతా ఓవెన్‌లోనే వదిలేసి తెల్లారి తెరవండి. కరిగే బేరియం విషం. చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, కడిగిన నీళ్లను సింకులో పోయకుండా సోడియం సల్ఫేట్ కలిపి తెల్లటి అవక్షేపంగా దించి వేరుచేయండి.

కడగడంలోనే చాలా పొడులు పాడవుతాయి. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంతో ఒక్కసారి, ఐదు నిమిషాలకు మించకుండా. కార్బొనేట్ పోతుంది. ఇంకా శుభ్రం చేద్దామని రెండు మూడు సార్లు ఆమ్లం పోస్తే గింజ పైనున్న బేరియం కూడా కరిగిపోయి, టైటానియం ఎక్కువున్న, క్రమం లేని తొక్క మిగులుతుంది. ఆ తొక్క ఫెర్రోఎలక్ట్రిక్ కాదు. తరువాత మరగించిన నీళ్లతో మూడుసార్లు, చివర ఇథనాల్‌తో ఒకసారి కడిగి, 80 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో ఆరబెట్టండి.

ఇలా వచ్చిన తాజా పొడి చాలాసార్లు క్యూబిక్‌గానే కనిపిస్తుంది. యూనిట్ సెల్ భుజం 4.02 యాంగ్‌స్ట్రామ్‌లు దాటితే లోపల హైడ్రాక్సిల్ ఉన్నట్టు. 600 నుంచి 800 డిగ్రీల వరకు నెమ్మదిగా వేడి చేసి రెండు గంటలు ఉంచితే అది పోతుంది, కానీ పోయిన చోట ఖాళీలు చేరి గింజ లోపల సన్నటి బుడగలు మిగులుతాయి. ఇంకా పైకి, 1000కి పోతే గింజలు ఒకదానికొకటి అతుక్కుని పెరిగి, నానో అన్న మాటే మిగలదు. వంద వంద డిగ్రీలకు కొంచెం పొడి తీసి రామన్‌లో 305 చూసుకుంటూ, అది తేటపడిన చోట ఆపడం మేలు.

ప్రశ్న: ఎస్.పి. రోడ్డులో ల్యాప్‌టాప్ బోర్డులు రిపేరు చేస్తాను. రీలు మీద 10 మైక్రోఫారడ్ అని ఉన్న కొత్త ఎస్‌ఎండీ కెపాసిటర్ మీటర్‌లో 7.6 చూపిస్తోంది. హాట్ ఎయిర్ తగిలిన తరువాత కొలిస్తే 8.3 అయింది. నకిలీ సరుకా సార్?
(మెకానిక్, బెంగళూరు)

జవాబు: ఇది ఒక్కటే చూసి నకిలీ అనలేం. ఆ కెపాసిటర్ లోపల ఉన్నది పై ప్రశ్నల్లోని బేరియం టైటనేటే. రీలు మీద అక్షరాలు చూడండి: ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ అని ఉంటే అది ఫెర్రోఎలక్ట్రిక్ రకం. ఎక్స్7ఆర్ అంటే మైనస్ 55 నుంచి 125 డిగ్రీల వరకు విలువ 15 శాతానికి మించి అటూఇటూ కాకూడదు. స్వచ్ఛమైన బేరియం టైటనేట్‌తో ఇది కుదరదు. అందుకే గింజ పైతొక్కలోకి మెగ్నీషియం, డిస్ప్రోసియం లాంటివి కావాలని ఇంకిస్తారు. తొక్క చల్లటి ఉష్ణోగ్రతల్లో మారుతుంది, లోపలి గుజ్జు 125 దగ్గర మారుతుంది, రెండూ కలిసి సమంగా కనిపిస్తాయి. ఉపరితలాన్ని పనిలో పెట్టుకోవడం అంటే ఇదే.

విలువ పెరగడానికి కారణం: నెలల తరబడి అలమరలో ఉన్న కెపాసిటర్‌లో ధ్రువణ ప్రాంతాలు మెల్లగా బిగుసుకుపోయి విలువ తగ్గుతుంది. హాట్ ఎయిర్ 125 దాటించగానే అవి చెరిగిపోయి మళ్లీ మొదలవుతాయి. సరిగ్గా చూడాలంటే 150 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, 24 గంటలు ఆగి కొలవాలి. మీటర్ కూడా చూసుకోండి. 10 మైక్రోఫారడ్ వరకు 1 కిలోహెర్ట్జ్, 1 వోల్ట్ దగ్గర కొలవాలని నియమం. చేతి మీటర్లు చాలావాటిలో అంత వోల్టేజ్ ఉండదు, అందుకే తక్కువ చూపిస్తాయి.

మీరు అసలు జాగ్రత్తపడాల్సింది వేరే ఉంది. అదే 10 మైక్రోఫారడ్, 6.3 వోల్టుల భాగాన్ని చాలా చిన్న సైజులో కొని 5 వోల్టుల లైను మీద పెడితే, పనిచేసేటప్పుడు విలువ సగానికి పైగా పడిపోవచ్చు. పొర మైక్రాన్ కంటే పల్చన, అందులో గింజలు పదిలోపే, క్షేత్రం అంత తీవ్రం. 0805 సైజు ఉన్న చోట అంతకంటే చిన్నదైన 0402 అతికించి విలువ ఒకటే కదా అనుకోవద్దు. సైజు, వోల్టేజ్, అక్షరాలు మూడూ కలవాలి.

ప్రశ్న: మరి గింజ ఇంకా చిన్నది చేస్తే కెపాసిటర్ ఇంకా మంచిది కాదా?
(పేరు రాయలేదు)

జవాబు: కాదు. సిరామిక్‌లో గింజ ఒక మైక్రాన్ చుట్టుపక్కల ఉన్నప్పుడు గది ఉష్ణోగ్రతలో పర్మిటివిటీ (ఆవేశం పట్టి ఉంచే సత్తాకు కొలత) 5000 దాకా వెళ్తుంది, 50 నానోమీటర్లకు దిగితే 2000 కిందికి జారుతుంది. గింజకూ గింజకూ మధ్య ఉన్న బలహీనమైన సరిహద్దు పొరలు కరెంటు దారిలో వరసగా నిలబడి మొత్తం విలువను కిందికి లాగుతాయి. పొర పల్చన చేయాలి కాబట్టి గింజ చిన్నది చేయక తప్పదు. 100 నుంచి 200 నానోమీటర్ల దగ్గర తయారీదారులు ఆగడానికి కారణం ఈ లాగులాటే.

ప్రశ్న: తయారైన పొడిని ఎలా దాచాలి?
(ఎంటెక్ విద్యార్థి, కె.ఆర్. పురం)

జవాబు: చిన్న చిన్న గాజు సీసాల్లో, ఒక్కసారి వాడుకకు సరిపడా. డెసికేటర్‌లో సిలికా జెల్‌తో పాటు సోడా లైమ్ కూడా పెట్టండి, అది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. సీసా మీద చేసిన తేదీ, కడిగిన పద్ధతి, వేడి చేసిన ఉష్ణోగ్రత రాయండి. మూడు నెలలు దాటిన పొడితో కొలత మొదలుపెట్టే ముందు రామన్‌లో 1060 దగ్గర ఒకసారి చూసుకోండి. పొడి తీసేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకుని, ఫ్యాన్ ఆపేయండి.